‘పచ్చడి’ అని వెతికితే ‘పచ్చళ్లు’ దొరకాలి: తెలుగు సైటుకు ఎఫ్‌ఏక్యూ సాఫ్ట్‌వేర్ సమీక్ష

ఎఫ్‌ఏక్యూ (తరచూ అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు) సాఫ్ట్‌వేర్ అమ్మే ఏ పేజీ తెరిచినా ఫీచర్ల పట్టిక ఒకటి కనిపిస్తుంది. ముప్పై నలభై వరసలు, అన్నిటి పక్కనా ఆకుపచ్చ టిక్కులు. రంగులు మార్చుకోవచ్చు, బొమ్మలు పెట్టుకోవచ్చు, ప్రశ్న నొక్కితే జవాబు మెత్తగా జారుతూ దిగుతుంది, పక్కన చాట్‌బాట్ కూర్చుంటుంది. తెలుగు సైటు నడిపేవాళ్లకి కావలసిన వరస మాత్రం ఆ పట్టికలో ఉండదు: తెలుగులో టైపు చేసి వెతికితే సరైన జవాబు వస్తుందా, రాకపోతే ఆ సంగతి మనకు తెలుస్తుందా? మిగతా ఫీచర్లన్నీ దీని తరవాతే. ఈ సమీక్షలో మంచీ చెడూ కూడా దాన్నిబట్టే చూశాం.

ఉదాహరణకి ఒక పచ్చళ్ల దుకాణం సైటు తీసుకుందాం. తయారీ గుంటూరులోనో రాజమండ్రిలోనో. కొనేవాళ్లు సగం మంది హైదరాబాద్, బెంగళూరు. మిగతా సగం డాలస్, న్యూజెర్సీ, మెల్‌బోర్న్. వాళ్లు అడిగేవి ఏడాదంతా ఇంచుమించు అవే. ఆవకాయ ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, అమెరికాకి పంపుతారా, పార్సిల్‌లో నూనె కారితే ఏం చేస్తారు, వెల్లుల్లి లేనిది దొరుకుతుందా, ఆర్డర్ రద్దు చేస్తే డబ్బులు ఎన్ని రోజుల్లో వస్తాయి. ఇలాంటి సైటుకు ఉన్న దారులు నాలుగు. చేత్తో రాసుకున్న హెచ్‌టీఎంఎల్ పేజీ, సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్న డీటెయిల్స్ బ్లాక్, సొంత హోస్టింగ్‌లో పెట్టుకునే పీహెచ్‌పీమైఎఫ్‌ఏక్యూ, నెలనెలా డబ్బు కట్టే ఫ్రెష్‌డెస్క్, జోహో డెస్క్ లాంటి హెల్ప్‌డెస్క్‌లు.

నలభై ప్రశ్నల్లోపు అయితే

ఏ సాఫ్ట్‌వేరూ కొనకండి. అన్నీ ఒకే పేజీలో పెట్టేయండి. హెచ్‌టీఎంఎల్‌లో డీటెయిల్స్, సమ్మరీ అని రెండు ట్యాగులున్నాయి. ప్రశ్న సమ్మరీలో, జవాబు దాని కింద, మొత్తం డీటెయిల్స్ లోపల. నొక్కితే తెరుచుకోవడం, మళ్లీ నొక్కితే మూసుకోవడం బ్రౌజరే చూసుకుంటుంది, జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. ట్యాబ్ కీతో వచ్చి ఎంటర్ కొట్టినా తెరుచుకుంటుంది. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి అది మూసి ఉందో తెరిచి ఉందో తెలుస్తుంది. డబ్బు పోసి కొన్న అకార్డియన్ (నొక్కితే తెరుచుకునే ప్రశ్నల) ప్లగిన్లలో ఈ రెండూ సరిగ్గా చేయనివి చాలానే ఉంటాయి, ఎందుకంటే ప్రశ్నను బటన్‌గా కాకుండా ఉత్త డివ్‌గా (ఏ పనీ చేయని మామూలు పెట్టెగా) పెట్టేస్తారు. మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ కీలతోనే డెమో పేజీలో ఒక జవాబు తెరిచి చూడండి. పది సెకన్లలో తేలిపోతుంది.

వర్డ్‌ప్రెస్‌లో 6.3 వెర్షన్ నుంచి, అంటే 2023 ఆగస్టు నుంచి, ఇదే డీటెయిల్స్ బ్లాక్ పేరుతో లోపలే ఉంది. పచ్చళ్ల సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంటే ముందు దీంతో మొదలుపెట్టడమే మేలు. దీని లోటు ఒకటే: సైటు సెర్చ్‌లో వెతికితే ఎఫ్‌ఏక్యూ పేజీ మొత్తం వస్తుంది తప్ప ఆ ఒక్క జవాబు రాదు. ముప్పై ప్రశ్నలకి పరవాలేదు, పేజీ తెరిచాక బ్రౌజర్లోనే వెతుక్కుంటారు. క్రోమ్‌లో అయితే మూసి ఉన్న జవాబులోని మాట దొరికినా అది తనంతట తెరుచుకుంటుంది. బ్రౌజర్ల పాత వెర్షన్లలో ఈ సౌకర్యం ఉండదు. అందుకే ప్రశ్నలోనే అసలు మాట పడేలా రాయాలి. ‘నిల్వ గురించి’ అని పెట్టకుండా ‘ఆవకాయ ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?’ అని పెట్టండి.

ఒకటి తెరిస్తే ఇంకోటి మూసుకుపోయే ఏర్పాటు చాలామందికి ముచ్చటగా ఉంటుంది. వద్దు. పంపే ఖర్చు జవాబూ, వాపసు జవాబూ పక్కపక్కన చూసుకుంటున్నవాళ్ల చేతిలోంచి కాగితం లాక్కున్నట్టు ఉంటుంది.

వత్తుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లిష్‌ని దృష్టిలో పెట్టుకుని చేసిన డిజైన్లలో ప్రశ్న పెట్టెకి ఎత్తు ముందే బిగించేసి ఉంటుంది, మిగిలింది కనపడకుండా కత్తిరించమని సూచన కూడా ఉంటుంది. ‘ఇతర రాష్ట్రాలకు పంపుతారా?’ అని రాస్తే ‘ష్ట్రా’ కింది వత్తులు సగానికి తెగుతాయి. ఎత్తు తీసేసి, లైన్ హైట్ 1.6కి తగ్గకుండా పెట్టాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ ఉంటే సున్నా చేయాలి. థీమ్‌లోని సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) మార్చుకోనివ్వని సాఫ్ట్‌వేర్ అయితే అక్కడితోనే పక్కన పెట్టేయొచ్చు.

సెర్చ్: ఇక్కడే అసలు పరీక్ష

ప్రశ్నలు యాభై దాటాక జనం పైనుంచి కిందకి చదవరు, వెతుకుతారు. తెలుగులో వెతకడం ఎక్కడ చిక్కుపడుతుందో తెలియాలంటే కంప్యూటరుకి మాట ఎలా కనిపిస్తుందో చూడాలి. ‘పచ్చడి’ అనేది దానికి ఆరు సంకేతాలు: ప, చ, పొల్లు, చ, డ, గుడి. ‘పచ్చళ్లు’ ఎనిమిది: ప, చ, పొల్లు, చ, ళ, పొల్లు, ల, కొమ్ము. రెండిటికీ మొదట్లో కలిసేది ‘పచ్చ’ వరకే. కాబట్టి ‘పచ్చడి’ అని కొడితే ‘పచ్చళ్లు విదేశాలకు పంపుతారా’ అన్న జవాబు రాదు. పోనీ అని మొదటి నాలుగు సంకేతాలతో సరిపెట్టుకునే సెర్చ్ అయితే పచ్చిమిర్చి గురించి, పచ్చరంగు మూతల సీసా గురించి రాసినవి కూడా లైన్లోకి వస్తాయి.

వర్డ్‌ప్రెస్ మామూలు సెర్చ్, ఇంకా చాలా చవక ప్లగిన్లు, టైపు చేసిన అక్షరాల వరస జవాబులో ఉన్నదున్నట్టు ఉందా అని మాత్రమే చూస్తాయి. తెలుగులో విభక్తులు మాట చివర చేరతాయి కాబట్టి ఇది కొంతవరకూ నెట్టుకొస్తుంది. ‘సీసా’ అంటే ‘సీసాలో’, ‘సీసాకి’, ‘సీసాలు’ అన్నీ దొరుకుతాయి. సంధి దగ్గర దెబ్బ తింటుంది. ‘రద్దు’ అని కొట్టినవాళ్లకి ‘ఆర్డర్ రద్దయితే’ అని రాసిన జవాబు దొరకదు. ‘రద్దు’ చివర కొమ్ము ఉంది, ‘రద్దయితే’లో ఆ కొమ్ము లేదు. ‘పార్సిల్’ అంటే ‘పార్సిల్‌లో’ దొరుకుతుంది, ‘పార్సిళ్లు’ దొరకవు. పైగా వర్డ్‌ప్రెస్ సెర్చ్ టైపు చేసిన మాటలన్నీ ఉంటేనే ఫలితం ఇస్తుంది. నాలుగు మాటలు కొట్టి ఒక్కటి తేడా వస్తే ఖాళీ పేజీ.

కంటికి కనపడని చిక్కు ఇంకోటుంది. ‘పార్సిల్‌లో’ అన్నప్పుడు ‘ల్’ కింద ‘లో’ వత్తుగా దిగకుండా విడిగా నిలబడాలంటే మధ్యలో వెడల్పు లేని ఒక సంకేతం పెట్టాలి. కొన్ని కీబోర్డులు దాన్ని తామే పెడతాయి, కొన్నిట్లో మనమే పెట్టుకోవాలి, ఫోన్లో హడావిడిగా కొట్టేవాళ్లు ఎవరూ పెట్టరు. వాళ్లది ‘పార్సిల్లో’ అవుతుంది. మనిషికి రెండూ ఒకటే, సాఫ్ట్‌వేర్‌కి వేరు వేరు. మంచి సెర్చ్ ఆ సంకేతాన్ని ఇండెక్స్‌లోనూ (అది ముందే తయారుచేసి పెట్టుకునే మాటల సూచిక), వెతికే మాటలోనూ తీసేసి పోలుస్తుంది. అమ్మేవాళ్లని ఈ ప్రశ్న అడగండి: ‘వెడల్పు లేని సంకేతాలను మీ సెర్చ్ పట్టించుకోకుండా వదిలేస్తుందా?’ జవాబు తెలియక తడుముకుంటే వాళ్లు భారతీయ భాషల్లో ఎప్పుడూ పరీక్షించలేదని అర్థం.

వెతికిన మాటను జవాబులో పసుపు రంగుతో చూపించే ఫీచర్‌ది ఇంకో తరహా గొడవ. జావాస్క్రిప్ట్‌లో ‘మాట సరిహద్దు’ను గుర్తించే పాత పద్ధతికి ఇంగ్లిష్ అక్షరాలే తెలుసు, తెలుగుకి అది పనిచేయదు. మరికొన్ని ప్లగిన్లు ‘అక్షరాలు, అంకెలు ఉంచి మిగతావి తీసెయ్’ అని రాసుకుంటాయి. యూనికోడ్ (అన్ని లిపులకూ సంకేతాలిచ్చే ప్రమాణం) లెక్కలో గుణింతాలూ, పొల్లూ అక్షరాలు కావు, గుర్తులు. దాంతో ‘కిరాయి’ కాస్తా ‘కరయ’ అవుతుంది, ‘డబ్బు’ ‘డబబ’ అవుతుంది. ఫలితాల పేజీలో ఇలాంటి నత్తి మాటలు కనిపిస్తే కారణం ఇదే. మీ సెట్టింగుల్లో సరిచేసేది ఏమీ ఉండదు, ప్లగిన్ కోడ్ మారాలి.

వీటన్నిటికీ ఒకే మందు ఉంది, చాలామంది దాన్ని ఫీచర్‌గా కూడా లెక్కపెట్టరు: ప్రతి జవాబుకూ విడిగా కీవర్డ్‌ల గడి. చదివేవాళ్లకి కనపడకుండా, సెర్చ్‌కి మాత్రమే కనపడే గడి. ‘పార్సిల్‌లో నూనె కారితే ఏం చేయాలి?’ అన్న ప్రశ్నకి ఆ గడిలో ఏం రాయాలి? పార్సిల్, పార్శిల్, పార్సెల్, పార్సిళ్లు, లీక్, లీకేజీ, కారింది, కారిపోయింది, ఒలికింది, పగిలింది, సీసా, జాడీ, డ్యామేజ్. వీటి కిందే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ల కోసం అవే మాటలు రోమన్ లిపిలో, రెండు మూడు స్పెల్లింగులతో. విదేశాల్లో ఉన్నవాళ్లు సగానికి సగం అలాగే కొడతారనుకుని సిద్ధం కావాలి. ఒక్కో జవాబుకి పది పదిహేను మాటలు, యాభై జవాబులకి ఒక పూట పని. ఏ ఖరీదైన సెర్చ్ ఇంజన్ కన్నా దీని వల్లే ఫలితం ఎక్కువ.

దీనికి పై మెట్టు పర్యాయపదాల జాబితా. ‘వాపసు, రీఫండ్, రిఫండ్, డబ్బులు వెనక్కి’ అన్నీ ఒకటేనని ఒక్కచోట చెప్తే అన్ని జవాబులకీ వర్తిస్తుంది. జవాబులు 200 దాటితే ఇది తప్పనిసరి, లేకపోతే గడిగడికీ అవే మాటలు నింపుకుంటూ కూర్చోవాలి.

దొరకని వెతుకులాటల చిట్టా

ఫీచర్ల పట్టికలో దీన్ని ‘అనలిటిక్స్’ అన్న పెద్ద మాట కింద దాచేస్తారు. మీకు కావలసింది గ్రాఫులు కాదు, రెండే నిలువు వరసలు: జనం ఏ మాటలు కొట్టారు, దేనికి ఫలితాలు సున్నా వచ్చాయి. వారానికోసారి పదిహేను నిమిషాలు ఈ చిట్టా చూసి, సున్నా వచ్చిన మాటల్ని కీవర్డ్ గడుల్లో చేర్చుకుంటూ పోతే రెండు మూడు నెలల్లో సెర్చ్ దారికొస్తుంది. దుకాణం వాళ్ల భాష ‘ట్రాన్సిట్ డ్యామేజ్’, కొనేవాళ్ల భాష ‘సీసా పగిలిపోయి వచ్చింది’. ఈ రెండిటి మధ్య దూరం చిట్టాలో తప్ప ఇంకెక్కడా కనపడదు.

ఎక్కువ వెతికిన మాటలు మాత్రమే చూపించి, సున్నా ఫలితాల సంగతి దాటేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. డెమోలో అర్థం లేని మాట ఒకటి కొట్టండి. తరవాత అడ్మిన్‌లోకి వెళ్లి ఆ మాట ఎక్కడైనా నమోదైందేమో చూడండి.

‘ఈ జవాబు ఉపయోగపడిందా?’ అనే అవును–కాదు బటన్లు అందరూ ఇస్తారు. ‘కాదు’ నొక్కినప్పుడు ‘ఏం కావాలి?’ అని చిన్న గడి తెరుచుకుంటేనే దానికి అర్థం. వట్టి అంకెలు పెద్దగా ఉపయోగపడవు, ఎందుకంటే ‘అమెరికాకి ఇప్పుడు పంపడం లేదు’ అన్న జవాబు ఎంత బాగా రాసినా జనం ‘కాదు’ అనే నొక్కుతారు.

పీహెచ్‌పీమైఎఫ్‌ఏక్యూ

2001 నుంచీ నడుస్తున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. మొజిల్లా పబ్లిక్ లైసెన్స్, రుసుము లేదు. పీహెచ్‌పీ ఉన్న హోస్టింగ్, మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్‌లలో ఏదో ఒక డేటాబేస్ ఉంటే చాలు. ఫైళ్లు సర్వర్‌కి ఎక్కించి, బ్రౌజర్లో సెటప్ పేజీ తెరిచి, డేటాబేస్ వివరాలు ఇస్తే అరగంటలో నిలబడుతుంది. డేటాబేస్ తయారుచేసేటప్పుడే యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని భాషల అక్షరాలూ దాచుకోగల పద్ధతి) ఎంచుకోండి. పాత లాటిన్1 డేటాబేస్‌లో పెడితే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, ఒకసారి అలా సేవ్ అయినదాన్ని వెనక్కి తేవడం కుదరదు.

పనికొచ్చేవి ఇందులో చాలా ఉన్నాయి. పైన చెప్పిన కీవర్డ్‌ల గడి ప్రతి జవాబుకీ ఉంది. వెతికిన మాటల లెక్కలు అడ్మిన్‌లో కనిపిస్తాయి. వదిలేయాల్సిన మాటల జాబితా భాష వారీగా మార్చుకోవచ్చు. తెలుగుకి ‘ఎలా, ఏమిటి, ఎందుకు, ఉందా’ లాంటివి చేర్చుకోవాలి. జవాబు పాత రూపాలు దాచుకుంటుంది. బయటివాళ్లు ప్రశ్న పంపవచ్చు, అడ్మిన్ చూశాకే పైకి వస్తుంది. ఒకే జవాబుకి తెలుగు, ఇంగ్లిష్ రూపాలు జతగా ఉంచుకోవచ్చు.

అన్నిట్లోకీ బాగా నచ్చేది, పెద్దగా ఎవరూ చెప్పుకోనిది, సొల్యూషన్ నంబరు. ప్రతి జవాబుకీ 1000 నుంచి మొదలుపెట్టి ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు సెర్చ్‌లో కొడితే నేరుగా ఆ జవాబే వస్తుంది. ఫోన్ ఎత్తినవాళ్లు ‘అమ్మా, సైటులో 1042 అని కొట్టండి, అన్నీ రాసున్నాయి’ అని చెప్పేయొచ్చు. పార్సిల్ పెట్టెలో వేసే చీటీ మీద ‘నూనె కారితే: 1017’ అని అచ్చు వేయించొచ్చు. తెలుగు టైపు చేయడం రానివాళ్లకి, స్పెల్లింగు గొడవ లేకుండా, ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఇక లోట్లు. మైఎస్‌క్యూఎల్ మీద నడిపితే దీని సెర్చ్ ముందు ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌లో వెతుకుతుంది, అక్కడ ఒక్కటీ దొరక్కపోతేనే అక్షరాల వరసను పోల్చే పద్ధతికి దిగుతుంది. అంటే పొంతన లేని జవాబు ఒక్కటి దొరికినా రెండో ప్రయత్నం జరగదు. కీవర్డ్ గడులు నింపకుండా దీన్ని తెలుగుకి వాడితే నిరాశే. ఎలాస్టిక్‌సెర్చ్ అనే విడి సెర్చ్ ఇంజన్ కూడా జోడించుకోవచ్చంటారు. అది మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో నడవదు, మెమరీ బాగా తింటుంది. పచ్చళ్ల సైటు జవాబులు వంద కోసం అంత బండి కట్టక్కర్లేదు. దాని కింద పనిచేసే ల్యూసీన్ అనే సెర్చ్ లైబ్రరీలో తెలుగు మాటల మూలరూపం పట్టుకునే భాగం ఉన్నా, మీరు వాడే సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకునేలా అమర్చి ఉంటేనే ఫలం.

పీడీఎఫ్ ఎగుమతి తెలుగుకి పనికిరాదు. దీనికి వాడే టీసీపీడీఎఫ్ లైబ్రరీ అక్షరాలు వరసగా పేర్చుతుంది తప్ప వత్తుల్ని కలపదు. ‘అక్క’లో రెండో ‘క’ కిందికి దిగకుండా పక్కనే నిలబడుతుంది. తెలుగు ఫాంట్ లేకపోతే అది కూడా ఉండదు, గళ్లే. పీడీఎఫ్ కావాలంటే బ్రౌజర్లో పేజీ తెరిచి, ప్రింట్‌లోకి వెళ్లి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోవడమే మార్గం. ఏ సాఫ్ట్‌వేర్ పట్టికలో ‘పీడీఎఫ్’ అని టిక్కు కనిపించినా ‘వెల్లుల్లి లేని ఉసిరికాయ పచ్చడి’ అని రాసి ఒక పేజీ తీసి చూడందే నమ్మొద్దు.

మూడోది భద్రత. 2022, 2023లలో దీంట్లో లోపాలు వరసపెట్టి బయటపడ్డాయి, ఎక్కువగా స్క్రిప్టు చొప్పించే తరహావి. సరిచేసిన వెర్షన్లు కూడా వెంటవెంటనే వచ్చాయి. కాబట్టి పెట్టేసి మరిచిపోయే సరుకు కాదిది. కొత్త వెర్షన్ రాగానే ముందు బ్యాకప్ తీసి, తరవాత ఎక్కించే మనిషి ఉండాలి. అలాంటివాళ్లు లేని దుకాణానికి దీన్ని సూచించం. బయటివాళ్లు వ్యాఖ్యలు రాసే వీలు, ఫైళ్లు పంపే వీలు అవసరం లేకపోతే సెట్టింగుల్లో ఆపేయండి, సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది.

ఫ్రెష్‌డెస్క్, జోహో డెస్క్ తరహా

ఇవి ఎఫ్‌ఏక్యూ కోసం పుట్టినవి కావు. ఫిర్యాదుల్ని టికెట్లుగా మార్చి సిబ్బందికి పంచేవి, వాటి పక్కన నాలెడ్జ్ బేస్ (రాసి పెట్టుకున్న జవాబుల భండారం) ఒకటి ఉంటుంది. ధర ఏజెంట్‌కి (బదులిచ్చే ఒక్కో ఉద్యోగికి) ఇంత, నెలకి ఇంత అన్న లెక్కన ఉంటుంది. రోజుకి ముప్పై నలభై మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు వచ్చే దుకాణానికి ఇది న్యాయమే. టికెట్‌కి బదులిచ్చేటప్పుడు జవాబును ఒక్క క్లిక్కుతో అందులో పెట్టొచ్చు, అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడికక్కడే కొత్త జవాబు రాసేయొచ్చు. ఎఫ్‌ఏక్యూ ఒక్కదాని కోసమైతే ఈగకి ఫిరంగి.

కొనేముందు మూడు చూసుకోండి. రెండు భాషల్లో జవాబులు పెట్టుకునే వీలు ఏ ప్లాన్‌లో ఉంది? ఇలాంటివి కింది ప్లాన్లలో ఉండవు, సగం పని అయ్యాక తెలుస్తుంది. సొంత డొమైన్ కింద పెట్టనిస్తారా? మూడోది, మానేసిన రోజున జవాబులన్నీ ఏ రూపంలో చేతికొస్తాయి? రాత ఫైలుగా వచ్చినా, బొమ్మలు వాళ్ల సర్వర్ మీదే ఉండిపోయి, ఖాతా మూయగానే మాయమయ్యే ప్రమాదం ఉంది. ట్రయల్‌లోనే నాలుగు జవాబులు, రెండు బొమ్మలు పెట్టి, ఎగుమతి చేసి, నెట్ ఆపి ఆ ఫైలు తెరిచి చూడండి.

లింకులు తెగడం

జవాబు లింకును వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు ఎఫ్‌ఏక్యూకి సగం పని. వర్డ్‌ప్రెస్‌లో ప్రతి జవాబునూ విడి పేజీగా పెట్టే ప్లగిన్లు శీర్షికనే లింకుగా మారుస్తాయి. లింకులో ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది, వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200. అంటే 22 సంకేతాలకి అటూ ఇటూ. ‘ఆవకాయ ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది’లో 26 ఉన్నాయి, మధ్యలో ఖాళీలు కాక. కాబట్టి లింకు ‘ఆవకాయ–ఎన్నాళ్లు–నిల్వ–ఉం’ దగ్గర తెగుతుంది. తరవాత ‘ఆవకాయ ఎన్నాళ్లు నిల్వ ఉంచొచ్చు’ అని ఇంకో ప్రశ్న పెడితే అదీ సరిగ్గా అక్కడే తెగి, చివర 2 తగిలించుకుంటుంది. పంపేటప్పుడు ఏది ఏదో తెలియదు, చూసేవాళ్లకి శాతం గుర్తుల బారు చూస్తే మోసం లింకేమో అన్న అనుమానం. పరిష్కారం సులువే: ప్రచురించే ముందు లింకు గడిలో రోమన్ అక్షరాలతో రెండు మూడు మాటలు మీరే రాయండి. ఆ గడిని మార్చనివ్వని ప్లగిన్ వద్దు.

ఒకే పేజీ అకార్డియన్ అయితే ఇంకో పరీక్ష. ఒక జవాబు లింకు కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని ఫోన్లో తెరవండి. పేజీ ఆ ప్రశ్న దగ్గరికి జారి, జవాబు తెరిచి కనిపించాలి. పేజీ పైనే ఆగిపోతే, లేదా ప్రశ్న దగ్గరికి వచ్చి మూసే ఉంటే, ఆ లింకు పంపినా పంపకపోయినా ఒకటే.

గూగుల్ స్కీమా పేరుతో అమ్మేవి

స్కీమా అంటే పేజీలో ప్రశ్నలూ జవాబులూ ఎక్కడున్నాయో గూగుల్‌కి చెప్పే కోడ్. ‘మా ఎఫ్‌ఏక్యూ స్కీమాతో గూగుల్ ఫలితాల్లోనే మీ ప్రశ్నలు కనిపిస్తాయి’ అని ఇంకా అమ్ముతున్నారు. 2023 ఆగస్టులోనే గూగుల్ ఆ సౌకర్యాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకి మాత్రమే పరిమితం చేసింది. పచ్చళ్ల సైటుకి దాని వల్ల ఒరిగేది లేదు. ప్రీమియం ప్లాన్‌లో దానికోసమే అదనపు డబ్బు అడిగితే ఇవ్వకండి.

చాట్‌బాట్

జవాబుల మీద కూర్చుని సొంత మాటల్లో చెప్పే ఏఐ బాట్ ఇప్పుడు ప్రతి చోటా ఉంది. స్పెల్లింగు తేడాలనీ, రోమన్ లిపి తెలుగునీ మామూలు సెర్చ్ కన్నా ఇవి బాగానే తట్టుకుంటాయి, ఆ మేరకు లాభం. కానీ డబ్బు, తేదీ, వాపసు సంగతుల్లో అది సొంత కవిత్వం చెప్పకూడదు. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఎయిర్ కెనడా కేసులో తేల్చింది ఇదే: సైటులోని చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెప్తే బాధ్యత కంపెనీదే. మన పరీక్ష: సైటులో ఎక్కడా లేని సంగతి అడగండి, ‘ఆవకాయని జపాన్‌కి క్యాష్ ఆన్ డెలివరీ ఇస్తారా?’ అని. ‘నా దగ్గర ఆ సమాచారం లేదు’ అని ఫోన్ నంబరు ఇస్తే సరే. ‘తప్పకుండా ఇస్తాం’ అంటే ఆ బాట్‌ని ఆపేయండి. సరైన జవాబు ఇచ్చినప్పుడు కూడా అసలు జవాబు లింకు కింద చూపించాలి.

తేదీ లేని జవాబు

అమెరికా పార్సిళ్ల విషయమే తీసుకోండి. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు ఆగిపోయింది. దానికి నాలుగు రోజుల ముందే, ఆగస్టు 25 నుంచి, తపాలా శాఖ అమెరికాకి చాలా రకాల పార్సిళ్ల బుకింగ్ నిలిపేసింది. అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఏడెనిమిది వారాలూ ‘అమెరికాకి పంపుతారా?’ అన్న ఒక్క జవాబు రెండు మూడు సార్లు మారాలి, మారిన తేదీ పైన కనిపించాలి. సాఫ్ట్‌వేర్‌లో దీనికి కావలసినవి పెద్దవేమీ కావు. ‘చివరిసారి చూసిన తేదీ’ని అక్షర దోషం దిద్దినప్పుడల్లా మార్చకుండా, మనం చెప్పినప్పుడే మార్చే గడి. ఆరు నెలలు దాటిన జవాబుల్ని వేరుగా చూపించే జాబితా. జవాబును చెరిపేయకుండా తాత్కాలికంగా దాచే స్విచ్. ఇంగ్లిష్ రూపం మార్చినప్పుడు తెలుగు రూపం పాతబడిందని చెప్పే హెచ్చరిక. చివరిది చాలా వాటిలో ఉండదు. రెండు భాషల సైట్లలో ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి: ఇంగ్లిష్‌లో ‘ప్రస్తుతం పంపడం లేదు’, తెలుగులో ‘వారంలో చేరుతుంది’. కొనేవాళ్లు చదివింది తెలుగు.

ఆ హెచ్చరిక లేని సాఫ్ట్‌వేర్ అయితే చేత్తో చేయాల్సిన ఏర్పాటు: మారే గుణమున్న అంకెలు, తేదీలు, దేశాల పేర్లు ఉన్న జవాబుల నంబర్లు ఒక కాగితం మీద రాసి ప్యాకింగ్ బల్ల దగ్గర గోడకి అంటించండి. కొరియర్ రేటు మారిందని ముందు తెలిసేది అక్కడివాళ్లకే.